డిస్క్ నిండిపోయిన లినక్స్ సర్వర్: డాకర్, కుబెర్నెటీస్ ఉన్నచోట ఏ వరుసలో ఏం చేయాలి?

సర్వర్‌లో డిస్క్ నిండింది, ఏం డిలీట్ చేయాలి? ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. నా జవాబు ఒక్కటే: ఏది పెరిగిందో తెలిసేదాకా ఏదీ డిలీట్ చేయొద్దు. డిస్క్ నిండి ఆగిపోయిన సర్వీసును మళ్లీ లేపుకోవచ్చు. తొందరపడి డేటాబేస్ ఫైలు తీసేస్తే మాత్రం పోయింది పోయినట్టే.

ఇక్కడ చెప్పేది ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ తరహా సర్వర్లకూ వాటి మీద నడిచే కంటైనర్లకూ (అప్లికేషన్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలు; వాటిని నడిపేది డాకర్, అనేక సర్వర్లలో నిర్వహించేది కుబెర్నెటీస్) వర్తిస్తుంది. కమాండ్లను పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటి అసలు స్పెల్లింగే కొట్టాలి. ఆప్షన్లలో పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను.

## 1. కమాండ్ కొట్టే ముందు

డిస్క్ నిండిన సర్వర్ వింతగా ప్రవర్తిస్తుంది. ఫైలు పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే పేరు పూర్తవదు, బదులుగా "టెంప్ ఫైల్ క్రియేట్ చేయలేకపోయాం, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనే అర్థంలో ఎర్రర్ వస్తుంది. మన కమాండ్లు నడిపే బ్యాష్‌కు ఆ చిన్న పనికి కూడా టెంప్ ఫోల్డర్‌లో కాస్త చోటు కావాలి. కంగారు పడకండి, పేరంతా చేత్తో టైప్ చేయండి.

అప్లికేషన్లు రాయలేకపోతున్నా రూట్ యూజర్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) ఇంకా రాయగలుగుతుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారయ్యేటప్పుడే 5 శాతం స్థలాన్ని రూట్ కోసం పక్కన పెడుతుంది. మనం లోపలికి వెళ్లి సర్దడానికి అవకాశం ఇచ్చేది ఆ 5 శాతమే. అందుకే సిస్టమ్ ఉన్న డిస్క్‌లో దాన్ని తగ్గించొద్దు. డేటా మాత్రమే ఉన్న పెద్ద డిస్క్‌లో ట్యూన్‌టూఎఫ్ఎస్ -ఎం 1 కొట్టి 1 శాతానికి దించుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- సుడో (అడ్మిన్) హక్కులతో రెండు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే) సెషన్లు తెరిచి పెట్టుకున్నారా? ఒకటి తెగిపోయినా రెండోది ఉంటుంది.
- క్లౌడ్ అయితే డిస్క్ స్నాప్‌షాట్ తీశారా? సర్వర్ లోపల ఖాళీ లేకపోయినా స్నాప్‌షాట్ తీయొచ్చు.
- ఆ సర్వర్‌లో డేటాబేస్ ఉందా, ఉంటే దాని డేటా ఫోల్డర్ ఎక్కడ?
- అప్లికేషన్ ఎవరిదో వాళ్లకు ఒక మాట చెప్పారా?
- కొట్టే ప్రతి కమాండ్‌నూ మీ ల్యాప్‌టాప్‌లో నోట్ చేసుకుంటున్నారా? నిండిన సర్వర్‌లో హిస్టరీ సేవ్ అవుతుందన్న నమ్మకం లేదు.

## 2. నిండింది స్థలమా, ఐనోడ్లా?

మొదటి కమాండ్ డీఎఫ్ -హెచ్. ఏ పార్టిషన్ 100 శాతం దగ్గర ఉందో చూడండి. రూట్ పార్టిషన్ ఖాళీగా ఉండి బూట్ పార్టిషన్ నిండితే అది పాత కెర్నెళ్ల (లినక్స్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్ల) సమస్య, దాని వైద్యం 5వ అంచెలో ఉంది.

రెండో కమాండ్ డీఎఫ్ -ఐ. చాలామంది దీన్ని వదిలేస్తారు. "40 శాతం ఖాళీ ఉంది, అయినా ఫైలు క్రియేట్ కావడం లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఐనోడ్ అంటే ఫైలు వివరాలు డిస్క్‌లో రాసి ఉంచే నమోదు, ఒక్కో ఫైలుకు ఒక్కటి కావాలి. ఈఎక్స్‌టీ4లో మామూలుగా ప్రతి 16 కేబీ స్థలానికి ఒక ఐనోడ్ లెక్కన ఫార్మాట్ సమయంలోనే సంఖ్య ఖాయమవుతుంది. పార్టిషన్‌ను పెద్దది చేస్తే దానికి తగ్గట్టు పెరుగుతాయి తప్ప విడిగా పెంచలేం. ఎక్స్ఎఫ్ఎస్‌లో ఐనోడ్లు అవసరాన్ని బట్టి పుడతాయి, కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

ఐనోడ్లు అయిపోతే కారణం లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు, ఎవరూ తుడవని క్యాషె ఫోల్డర్లు, క్రాన్ జాబ్ ప్రతి నిమిషం పంపే మెయిళ్లు పేరుకున్న పోస్ట్‌ఫిక్స్ మెయిల్‌డ్రాప్ ఫోల్డర్ వీటిలో ముఖ్యమైనవి. అవి ఎక్కడున్నాయో ఇలా పట్టుకోవచ్చు:

డీయూ --ఐనోడ్స్ -ఎక్స్ -డీ1 / | సార్ట్ -ఎన్

అలాంటి ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొడితే అది పేర్లన్నీ పోగేసి అక్షరక్రమంలో పెట్టేదాకా ఏమీ చూపదు. ఎల్ఎస్ -ఎఫ్ వాడితే ఆ అమరిక జోలికి పోదు. తొలగించేటప్పుడు ఆర్ఎం * కొడితే "ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్" అని ఆగిపోతుంది. ఫైండ్‌తో, వయసు షరతు పెట్టి, ముందు -ప్రింట్‌తో జాబితా చూసి, ఆ తర్వాతే -డిలీట్ పెట్టండి. -డిలీట్ ఎప్పుడూ షరతులన్నిటి తర్వాత, చివర్లోనే ఉండాలి. షరతుల కంటే ముందు పెడితే ఆ షరతులను చూడకుండానే తుడిచేస్తుంది.

## 3. మెట్టు మెట్టుగా కిందికి దిగడం

స్థలమే అయిపోతే ఏ ఫోల్డర్ పెద్దదో చూడాలి:

డీయూ -ఎక్స్ -హెచ్ -డీ1 / | సార్ట్ -హెచ్

-ఎక్స్ తప్పనిసరి. అది ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండమని చెబుతుంది. లేకపోతే నెట్‌వర్క్ డ్రైవులు, కంటైనర్ల ఓవర్‌లే మౌంట్లు (ఫోల్డర్‌కు తగిలించిన వేరే ఫైల్‌సిస్టమ్‌లు) కూడా లెక్కలో కలిసి, ఉన్న డిస్క్ కంటే పెద్ద సంఖ్య కనిపిస్తుంది. సార్ట్‌కు కూడా టెంప్ చోటు అవసరం కావచ్చు, అందుకే ఒక్కో మెట్టు మాత్రమే దిగండి. వార్ పెద్దదైతే వార్ లోపల, అందులో లిబ్ పెద్దదైతే లిబ్ లోపల.

ఒకటి రెండు భారీ ఫైళ్లే కారణమని అనుమానం ఉంటే ఇది తొందరగా తేలుస్తుంది:

ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -సైజ్ +500ఎం

ఇక్కడ ఎం పెద్ద అక్షరం. దొరికిన ఫైలును వెంటనే తీసేయకండి. ఫ్యూజర్ లేదా ఎల్ఎస్‌ఓఎఫ్‌తో దాన్ని ఏ ప్రాసెస్ తెరిచి ఉంచిందో చూడండి.

## 4. రెండు లెక్కలూ కలవకపోతే

డీఎఫ్ 50 జీబీ వాడకం అంటుంది, డీయూ మొత్తం కూడితే 30 జీబీయే వస్తుంది. మిగతా 20 ఏమైంది? రెండు కారణాలు ఉండొచ్చు.

మొదటిది, డిలీట్ చేసినా ఒక ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకున్న ఫైలు. లినక్స్‌లో ఫైలు పేరు పోయినంత మాత్రాన స్థలం విడుదల కాదు, దాన్ని తెరిచిన చివరి ప్రాసెస్ మూసేదాకా డిస్క్‌లో అలాగే ఉంటుంది. నడుస్తున్న సర్వీసు లాగ్‌ను ఆర్ఎం చేసి "ఖాళీ రాలేదేంటి" అని తలపట్టుకునేది ఈ కారణానికే. పట్టుకోవడానికి:

ఎల్ఎస్‌ఓఎఫ్ +ఎల్1

ఎల్ పెద్ద అక్షరం. ఇది లింకు లేని, తెరిచే ఉన్న ఫైళ్లన్నీ చూపిస్తుంది. సైజు, ప్రాసెస్ నంబర్, ఫైల్ డిస్క్రిప్టర్ నంబర్ (తెరిచిన ఫైలుకు ఆ ప్రాసెస్ వాడే సంఖ్య) నోట్ చేసుకోండి. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయగలిగితే అదే శుభ్రమైన మార్గం. ఇప్పుడు ఆపడానికి వీల్లేకపోతే, అది లాగ్ ఫైలే అని నిర్ధారించుకున్నాక, ప్రాక్ ఫోల్డర్‌లో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఎఫ్‌డీలో ఉన్న డిస్క్రిప్టర్‌ను ట్రంకేట్ -ఎస్ 0తో సున్నా చేయొచ్చు. స్థలం అప్పటికప్పుడే వస్తుంది.

రెండోది, మౌంట్ కింద దాగిన ఫైళ్లు. ఎప్పుడో బ్యాకప్ డిస్క్ మౌంట్ కాని రోజున బ్యాకప్ స్క్రిప్ట్ నడిచి, ఖాళీ ఫోల్డర్‌లోనే, అంటే రూట్ డిస్క్‌లోనే రాసేసి ఉంటుంది. తర్వాత దాని మీద డిస్క్ మౌంట్ కాగానే ఆ ఫైళ్లు కనపడకుండా పోతాయి. మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ కొట్టి, ఆ ఎంఎన్‌టీ లోపల డీయూ వేస్తే బయటపడతాయి. పని అయ్యాక అన్‌మౌంట్ మర్చిపోవద్దు.

## 5. ముందు ఊపిరి ఆడేంత ఖాళీ

కారణం తెలిసింది. దాన్ని నిదానంగా సరిచేసుకోవాలంటే కాస్త చోటు కావాలి. వీటి నుంచి తీసుకుంటే అప్లికేషన్‌కు ప్రమాదం లేదు:

- ప్యాకేజీ క్యాషె: ఏపీటీ క్లీన్, లేదా డీఎన్ఎఫ్ క్లీన్ ఆల్.
- పాత కెర్నెళ్లు: ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్. ఏవేవి పోతాయో చూపించే జాబితా చదివాకే వై నొక్కండి.
- సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ లాగ్‌లు): జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్‌తో సైజు చూసి, --రొటేట్ చేసి, తర్వాత --వాక్యూమ్-సైజ్=500ఎం (ఎం పెద్ద అక్షరం).

జర్నల్‌కు రొటేట్ ఎందుకంటే, వాక్యూమ్ పక్కన పెట్టిన పాత ఫైళ్లను మాత్రమే తీస్తుంది, ఇప్పుడు రాస్తున్న ఫైలును ముట్టదు. అయితే ఇవాళ్టి సమస్యకు ఆధారాలు ఆ లాగ్‌లోనే ఉండొచ్చు. తీసే ముందు చివరి గంట లాగ్‌ను మీ మెషీన్‌లోకి లాక్కోండి.

## 6. డాకర్ ఉన్నచోట

కంటైనర్లు నడిచే సర్వర్‌లో /వార్/లిబ్/డాకర్ ఫోల్డరే తరచుగా మొదటి ముద్దాయి. కంటైనర్‌డీ ఇమేజ్ స్టోర్ వాడే చోట ఇమేజ్‌లు (కంటైనర్లు పుట్టే మూసలు) పక్కనే ఉన్న కంటైనర్‌డీ ఫోల్డర్‌లో ఉంటాయి, అక్కడా చూడండి.

ఒక హెచ్చరిక: ఇమేజ్‌ల పొరలు ఉండే ఓవర్‌లేటూ ఫోల్డర్ లోపలికి వెళ్లి చేత్తో ఏ ఒక్కటీ డిలీట్ చేయకండి. ఆ పొడవాటి పేర్ల ఫోల్డర్లలో ఏది ఏ ఇమేజ్‌కు పునాదో బయటికి కనపడదు. ఒక పొర పోతే దాని మీద నిలబడ్డ ఇమేజ్‌లన్నీ పాడవుతాయి. డాకర్ లెక్కలు డాకర్‌నే అడగండి:

డాకర్ సిస్టమ్ డీఎఫ్ -వీ

ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు (కంటైనర్ పోయినా డేటా మిగిలేలా విడిగా ఉంచే చోట్లు), బిల్డ్ క్యాషె ఎంతెంత ఉన్నాయో చూపిస్తుంది. -వీ లేకుండా కొడితే ఎంత తిరిగి పొందొచ్చో కూడా ఒక వరుసలో ఉంటుంది. కంటైనర్ లాగ్‌లు మాత్రం ఈ లెక్కలో కనిపించవు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

లాగ్‌లు. డాకర్ మామూలుగా వాడే జేసన్-ఫైల్ లాగ్ డ్రైవర్‌కు హద్దు లేదు. కంటైనర్ నెలల తరబడి నడిస్తే ఒకే లాగ్ ఫైలు పదుల జీబీలకు చేరుతుంది. డాకర్ ఫోల్డర్‌లోని కంటైనర్స్ కింద -జేసన్.లాగ్‌తో ముగిసే ఫైళ్లను సైజు వారీగా చూడండి. పెద్దదాన్ని ఆర్ఎం చేయొద్దు, నాలుగో అంచెలో చెప్పిన చిక్కే వస్తుంది. ట్రంకేట్ -ఎస్ 0తో ఖాళీ చేయండి. ఇది అప్పటికి ఉపశమనం మాత్రమే.

శాశ్వత పరిష్కారం /ఈటీసీ/డాకర్ ఫోల్డర్‌లోని డీమన్.జేసన్ ఫైలులో ఉంది. లాగ్-ఆప్ట్స్ కింద మ్యాక్స్-సైజ్‌ను 10ఎం, మ్యాక్స్-ఫైల్‌ను 3 అని పెట్టండి. ఇక్కడ నాలుగు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి:

- 3ని కోట్స్ లేకుండా రాయడం. లాగ్ ఆప్షన్ల విలువలన్నీ కోట్స్‌లోనే ఉండాలి.
- ఒక కామా తప్పి డాకర్ అసలు లేవకపోవడం. రీస్టార్ట్‌కు ముందు డాకర్‌డీ --వాలిడేట్‌తో ఫైలును పరీక్షించండి.
- లైవ్-రిస్టోర్ (డాకర్ ఆగినా కంటైనర్లు నడిచేలా ఉంచే సెట్టింగ్) ఆన్‌లో లేని సర్వర్‌లో పట్టపగలు డాకర్‌ను రీస్టార్ట్ చేయడం. కంటైనర్లన్నీ ఆగుతాయి.
- రీస్టార్ట్ చేశాం కాబట్టి పాత కంటైనర్లకూ హద్దు వచ్చేసిందనుకోవడం. కొత్తగా పుట్టే కంటైనర్లకే అది వర్తిస్తుంది. కంపోజ్ (అనేక కంటైనర్లను ఒకే ఫైలుతో నడిపే డాకర్ సాధనం) వాడుతుంటే డాకర్ కంపోజ్ అప్ -డీ --ఫోర్స్-రీక్రియేట్ కొట్టాలి.

లోకల్ అనే లాగ్ డ్రైవర్‌కు మారడం ఇంకా తేలిక. అది ఏ సెట్టింగూ లేకుండానే 20 ఎంబీ చొప్పున 5 ఫైళ్లకు పరిమితమై, పాతవాటిని కుదించి పెడుతుంది. కాకపోతే బయటి లాగ్ ఏజెంట్ నేరుగా జేసన్ ఫైళ్లను చదువుతుంటే అది ఆగిపోతుంది, ముందే చూసుకోండి.

ఇమేజ్‌లు, బిల్డ్ క్యాషె. డాకర్ ఇమేజ్ ప్రూన్ పేరు లేని ఇమేజ్‌లను తీస్తుంది. -ఏ చేరిస్తే ఏ కంటైనరూ వాడని ఇమేజ్‌లన్నీ పోతాయి. కొత్త రిలీజ్ దెబ్బతింటే వెనక్కి వెళ్లడానికి ఉంచుకున్న పాత ఇమేజ్ కూడా అందులో పోవచ్చు. అందుకే --ఫిల్టర్ అంటిల్=240హెచ్ కలిపి, 10 రోజుల కంటే ముందు తయారైనవాటికే పరిమితం చేయండి. ఈ వయసు ఇమేజ్ బిల్డ్ అయిన తేదీ నుంచి లెక్క, మీరు దించుకున్న రోజు నుంచి కాదు. బిల్డ్ సర్వర్లలో డాకర్ బిల్డర్ ప్రూన్ ఒక్కటే చాలా జీబీలు తిరిగి ఇస్తుంది.

వాల్యూమ్‌లు. ఇక్కడ నిదానం కావాలి. డాకర్ వాల్యూమ్ ప్రూన్ 23.0 వెర్షన్ నుంచి పేరు లేని వాల్యూమ్‌లనే తీస్తుంది, అంతకు ముందు వెర్షన్లలో ఏ కంటైనర్‌కూ తగిలించని వాల్యూమ్‌లన్నిటినీ తీసేసేది. అప్‌గ్రేడ్ కోసం డేటాబేస్ కంటైనర్‌ను కాసేపు తొలగించి ఉంచిన సమయంలో పాత వెర్షన్‌లో ఈ కమాండ్ కొడితే డేటా మొత్తం పోతుంది. వాల్యూమ్‌లను పేరు పెట్టి, ఒక్కొక్కటిగా, లోపలేముందో చూశాకే తీయాలి. ఇంటర్నెట్‌లో కనిపించే "డాకర్ సిస్టమ్ ప్రూన్ -ఏ --వాల్యూమ్స్ -ఎఫ్" అనే ఒక్క లైను మందును ప్రొడక్షన్‌లో వాడకండి.

కంటైనర్ లోపలి రాతలు. డాకర్ పీఎస్ -ఎస్ ప్రతి కంటైనర్ పై పొర సైజు చూపిస్తుంది. అది పెద్దగా ఉంటే అప్లికేషన్ వాల్యూమ్‌లో కాకుండా లోపలే ఫైళ్లు రాస్తోందని అర్థం. డాకర్ డిఫ్‌తో ఏయే ఫైళ్లో చూసి, వాల్యూమ్‌కు మార్చమని డెవలపర్లకు చెప్పండి.

## 7. డేటాబేస్ ఫైళ్ల జోలికి వెళ్లొద్దు

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_వాల్ ఫోల్డర్ పెరిగిపోయిందంటే అవి పాత లాగ్‌లు కదా అనిపిస్తుంది. కావు. ప్రమాదం జరిగితే డేటాబేస్ తిరిగి లేచేది వాటితోనే. చేత్తో తీస్తే అది మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

అది పెరగడానికి తరచుగా కారణం, ఎప్పుడో ఆపేసిన రెప్లికా (డేటాబేస్ కాపీ నడిపే సర్వర్) తాలూకు రెప్లికేషన్ స్లాట్, అంటే ఆ కాపీ చదివేదాకా ఈ ఫైళ్లను ఆపి ఉంచే గుర్తు. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో యాక్టివ్ కానివి చూసి, ఆ రెప్లికా ఇక అక్కర్లేదని ఖాయమైతే స్లాట్‌ను తొలగించండి. తర్వాత చెక్‌పాయింట్ జరగగానే పోస్ట్‌గ్రెసే ఫైళ్లు సర్దుకుంటుంది. 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అనే హద్దు ఉంది. మామూలుగా అది అపరిమితం, మీరే ఒక సంఖ్య పెట్టాలి.

మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్‌లను పర్జ్ బైనరీ లాగ్స్ కమాండ్‌తోనే తీయాలి. అంతకు ముందు రెప్లికాలు ఎంతవరకు చదివాయో చూసుకోవాలి. 8.0 వెర్షన్‌లో అవి మామూలుగా 30 రోజులు ఉంటాయి. అన్నాళ్లు అవసరమా అని ఆలోచించండి.

## 8. కుబెర్నెటీస్ నోడ్ అయితే

నోడ్ అంటే కుబెర్నెటీస్ కింద నడిచే ఒక సర్వర్. ఇక్కడ డిస్క్ పూర్తిగా నిండేదాకా ఆగరు. ఇమేజ్‌ల డిస్క్ 85 శాతం దాటితే నోడ్‌లో పనిచేసే కూబ్‌లెట్ ప్రోగ్రామ్, వాడని ఇమేజ్‌లను తీస్తూ 80 శాతానికి దించాలని చూస్తుంది. నోడ్ డిస్క్‌లో ఖాళీ 10 శాతం కంటే, ఇమేజ్‌ల డిస్క్‌లో 15 శాతం కంటే, ఐనోడ్లు 5 శాతం కంటే తగ్గితే పాడ్‌లను (కలిసి నడిచే కంటైనర్ల గుంపులను) గెంటేయడం మొదలవుతుంది. ఇవి మార్చకుండా ఉంచిన విలువలు.

వరుస ఇది:

1. కూబ్‌సీటీఎల్ డిస్క్రైబ్ నోడ్‌తో డిస్క్ ప్రెషర్ ట్రూ అని ఉందేమో చూడండి.
2. కూబ్‌సీటీఎల్ కార్డన్‌తో కొత్త పాడ్‌లు రాకుండా ఆపండి.
3. నోడ్‌లోకి వెళ్లి 2 నుంచి 4 వరకు అంచెలు చేయండి. ఇమేజ్‌లకు క్రిక్‌టీఎల్ ఆర్ఎంఐ --ప్రూన్.
4. సర్దాక అన్‌కార్డన్.

పాడ్‌లు ఎందుకు గెంటివేయబడ్డాయో డిస్క్రైబ్ పాడ్‌లో రాసి ఉంటుంది. తరచుగా ఒకే పాడ్ ఎంప్టీడిర్‌లో (పాడ్ తాత్కాలిక ఫోల్డర్‌లో) విపరీతంగా రాసి, పక్కవాటినీ ముంచుతుంది. దానికి ఎఫెమెరల్-స్టోరేజ్ లిమిట్, ఎంప్టీడిర్‌కు సైజ్‌లిమిట్ పెట్టండి. అప్పుడు హద్దు దాటిన పాడ్ మాత్రమే పోతుంది.

## 9. నిజంగానే చోటు చాలకపోతే

ఎల్‌వీఎం (డిస్క్ స్థలాన్ని విభజించి, అవసరమైతే పెంచుకునే వీలిచ్చే వ్యవస్థ) ఉండి, వీజీఎస్ కమాండ్‌లో ఖాళీ కనిపిస్తే ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +10జీ చాలు (ఎల్, జీ పెద్దవి, ఆర్ చిన్నది). ఆ -ఆర్ ఫైల్‌సిస్టమ్‌ను కూడా పెంచుతుంది.

క్లౌడ్‌లో మూడు మెట్లు: కన్సోల్‌లో డిస్క్ పెంచాలి, గ్రోపార్ట్‌తో పార్టిషన్ పెంచాలి, చివరికి ఈఎక్స్‌టీ4కు రీసైజ్‌టూఎఫ్ఎస్, ఎక్స్ఎఫ్ఎస్‌కు ఎక్స్ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్. డిస్క్ పూర్తిగా నిండి ఉంటే గ్రోపార్ట్ కూడా "నో స్పేస్" అంటుంది. అప్పుడు టెంప్ ఫోల్డర్ మీద 10 ఎంబీ టెంప్‌ఎఫ్ఎస్ (మెమరీలో ఉండే ఫైల్‌సిస్టమ్) మౌంట్ చేసి మళ్లీ కొట్టండి. ఎక్స్ఎఫ్ఎస్‌ను పెంచాక తిరిగి తగ్గించే దారి ఉందని ధీమా పెట్టుకోవద్దు, చూసుకుని పెంచండి.

## 10. పెరిగే ప్రతిదానికీ ఒక హద్దు

- జర్నల్‌డీ.కాన్ఫ్‌లో సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=500ఎం (ఎం పెద్దది). మామూలుగా డిస్క్‌లో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ దాకా వెళ్తుంది.
- అప్లికేషన్ ప్రతి లాగ్‌కూ లాగ్‌రొటేట్ (లాగ్‌లను మార్చి, పాతవాటిని తీసేసే సాధనం) ఫైలు. లాగ్‌రొటేట్ -డీ ఏం జరుగుతుందో చూపిస్తుంది, ఏమీ మార్చదు.
- రొటేట్ అయ్యాక అప్లికేషన్ కొత్త ఫైలు తెరుస్తుందా? లేకపోతే పోస్ట్‌రొటేట్‌లో రీలోడ్ పెట్టండి. అదీ కుదరకపోతే కాపీట్రంకేట్. అందులో ఆ క్షణాన వచ్చిన కొన్ని లైన్లు పోయే వీలుంది.
- బ్యాకప్ స్క్రిప్ట్ మొదటి లైనులో మౌంట్‌పాయింట్ పరీక్ష. మౌంట్ లేకపోతే ఆగిపోవాలి.
- లాగ్‌లకు విడి పార్టిషన్. కొత్త సర్వర్ కట్టేటప్పుడు ఇది పెట్టుకుంటే లాగ్‌లు నిండినా సిస్టమ్ నిలబడుతుంది.

లాగ్‌రొటేట్ సాధారణంగా రోజుకొకసారి నడుస్తుంది. పరీక్షా ఫలితాలు విడుదలయ్యే రోజున ఆ సైట్ సర్వర్‌కు వచ్చే రద్దీకి రోజు గడిచేలోపే లాగ్ డిస్క్‌ను నింపేయగలదు. అలాంటి చోట మ్యాక్స్‌సైజ్ పెట్టి, లాగ్‌రొటేట్‌ను గంటకోసారి నడపండి.

## 11. నిండకముందే తెలిసేలా అలర్ట్

"90 శాతం దాటితే మెయిల్" అన్న ఒక్క రూల్ సరిపోదు. 2 టీబీ డిస్క్‌లో 90 శాతం అంటే ఇంకా 200 జీబీ ఉంది, టెన్షన్ అక్కర్లేదు. 20 జీబీ డిస్క్‌లో అది కొన్ని నిమిషాల వ్యవధి కావచ్చు. అడగాల్సింది ఈ వేగంతో పోతే ఎప్పటికి నిండుతుందని.

ప్రొమీథియస్ (మానిటరింగ్ సాధనం), నోడ్ ఎక్స్‌పోర్టర్ (సర్వర్ లెక్కలు దానికి అందించేది) వాడేవాళ్లకు ప్రెడిక్ట్_లీనియర్ ఉంది. గత 6 గంటల నోడ్_ఫైల్‌సిస్టమ్_అవైల్_బైట్స్ తీసుకుని, 24 గంటల్లో సున్నా కంటే దిగుతుందా అని లెక్కించమనండి. దానికి "ఖాళీ 20 శాతం కంటే తక్కువ" అన్న షరతు కలిపి, ఫర్ 30 నిమిషాలు పెడితే, బ్యాకప్ సమయంలో కాసేపు పెరిగి తగ్గేవాటికి రాత్రిపూట ఫోన్ మోగదు.

- ఫ్రీ_బైట్స్ కాదు, అవైల్_బైట్స్ వాడండి. ఫ్రీలో రూట్ కోసం పక్కన పెట్టిన 5 శాతం కూడా కలుస్తుంది.
- ఐనోడ్లకు విడిగా ఒక రూల్, నోడ్_ఫైల్‌సిస్టమ్_ఫైల్స్_ఫ్రీ మీద.
- నోడ్ ఎక్స్‌పోర్టర్‌ను కంటైనర్‌లో నడిపితే హోస్ట్ రూట్‌ను మౌంట్ చేసి --పాత్.రూట్‌ఎఫ్ఎస్ ఇవ్వండి. లేకపోతే హోస్ట్ డిస్కుల లెక్క సరిగా రాదు.
- ప్రొమీథియస్ డేటాకూ సైజు హద్దు పెట్టండి. మామూలుగా 15 రోజుల హద్దే ఉంటుంది, జీబీల హద్దు ఉండదు.
- మానిటరింగ్‌ను అది కాపలా కాసే సర్వర్‌లోనే పెట్టొద్దు.

రూల్ రాశాక పరీక్షించకుండా వదలొద్దు. టెస్ట్ సర్వర్‌లో ఫాలొకేట్ -ఎల్ 5జీతో ఒక ఫైలు సృష్టించి (ఎల్ చిన్నది, జీ పెద్దది), ఖాళీని మీ హద్దు కిందికి దించండి. ఫర్‌లో పెట్టిన సమయం గడిచాక అలర్ట్ సరైన వ్యక్తి ఫోన్‌కు వచ్చిందా, అందులో ఏ సర్వర్, ఏ పార్టిషన్ అన్నది స్పష్టంగా ఉందా చూడండి. తర్వాత ఫైలు తీసేసి, అలర్ట్ దానంతటదే సద్దుమణిగిందో లేదో కూడా చూసుకోండి.